కోనసీమలో చిన్న బృందాల సాహస యాత్ర – ఆదుర్రు స్తూపం నుండి అంతర్వేది సంగమం వరకు
(ప్రత్యేక వ్యాసం)

అమలాపురం: కోనసీమ అనగానే కొబ్బరి తోటలు, పచ్చని వరిచేలు, కాలువ గట్లు గుర్తుకు రావడం సహజం. అయితే రెండువేల సంవత్సరాల నాటి బౌద్ధ శిథిలాలు, నదీ గర్భంలో ఏటేటా రూపు మార్చుకునే లంకలు, నది–సముద్ర సంగమ స్థలాలు, మడ అడవులు ఒక్క రోజు ప్రయాణ దూరంలోనే ఉన్న ప్రాంతం కూడా ఇదేనన్న విషయం అంతగా ప్రచారంలోకి రాలేదు. పది, పన్నెండు మందికి మించని చిన్న బృందాలుగా ఈ ప్రదేశాలను చూసేందుకు గల అవకాశాలను, అందులో పాటించవలసిన జాగ్రత్తలను పాత్రికేయులు, అధికారుల సౌకర్యార్థం ఈ వ్యాసంలో వివరించడమైనది.

ధవళేశ్వరం వద్ద గోదావరి గౌతమి, వశిష్ఠ అను రెండు ప్రధాన పాయలుగా చీలుతుంది. వశిష్ఠ నుండి గన్నవరం ఎగువన వైనతేయ వేరుపడి ఓడలరేవు వద్ద సముద్రంలో కలుస్తుంది. గౌతమి, వశిష్ఠల నడుమ, బంగాళాఖాతం అంచుగా ఏర్పడిన త్రికోణాకారపు డెల్టా భూభాగమే కోనసీమ. ఈ నేల అంతా నది తెచ్చిన ఒండ్రుమట్టితో ఏర్పడినది. సముద్రం వెనుకకు జరిగిన కొలదీ మిగిలిపోయిన పాత తీరపు ఇసుక మెరకలు తీరానికి సమాంతరంగా లోపలి గ్రామాలలో నేటికీ కనిపిస్తాయి. సందర్శకుడు రోడ్డుపై వెళుతూ ఒక చోట వరిచేను, మరుక్షణం ఇసుక మెరకపై కొబ్బరితోట చూస్తున్నాడంటే అతడు ఒక పాత సముద్రతీరాన్ని దాటినట్లే.

యాత్రను ధవళేశ్వరం నుండి ప్రారంభించడం సముచితం. సర్ ఆర్థర్ కాటన్ పర్యవేక్షణలో 1847లో ఆరంభమై 1852లో పూర్తయిన ఆనకట్ట లేనిదే నేటి కోనసీమ లేదు. అక్కడి నుండి ఆత్రేయపురం మీదుగా ర్యాలి చేరవచ్చును. ఒకే శిలలో ముందువైపు కేశవస్వామిగా, వెనుకవైపు జగన్మోహినిగా మలచిన మూలవిరాట్టు ఇక్కడి ప్రత్యేకత. కొత్తపేట మండలంలోని పలివెల ఉమా కొప్పులింగేశ్వరస్వామి ఆలయం కూడా ఈ దారిలోనే కలదు. పి.గన్నవరం వద్ద వైనతేయ పాయ మీదుగా కాలువ నీటిని దాటించేందుకు 1850ల ఆరంభంలో కట్టిన 49 కమానుల అక్విడక్టు ఆనాటి ఇంజనీర్ల ప్రతిభకు నిదర్శనం. దాని స్థానంలో నిర్మించిన కొత్త అక్విడక్టుకు అన్నదాత్రిగా ఖ్యాతి గడించిన డొక్కా సీతమ్మ పేరు పెట్టారు.

అయితే ఈ యాత్రకు కేంద్రబిందువు మామిడికుదురు మండలంలోని ఆదుర్రు అని చెప్పక తప్పదు. వైనతేయ పశ్చిమ తీరాన, సముద్రానికి సుమారు తొమ్మిది కిలోమీటర్ల దూరంలో ఉన్న ఈ గ్రామంలో మహాస్తూపం, చైత్య, విహారాల పునాదులు బయల్పడినవి. స్థానికులు ఈ స్థలాన్ని దుబరాజు గుడి అని పిలుస్తారు. భారత పురావస్తు శాఖ రక్షణలో ఉన్న కట్టడమిది. స్తూపం అడుగుభాగాన్ని ఇటుకలతో బండిచక్రం ఆకారంలో, మధ్య ఇరుసు, చుట్టూ ఆకులతో నిర్మించారు. ఆకుల మధ్య ఖాళీలను మట్టితో నింపి పైన అండాన్ని నిలిపేవారు. తక్కువ ఇటుకతో ఎక్కువ బరువును మోయించే ఈ పద్ధతి ఘంటసాల, నాగార్జునకొండలలోను కనిపిస్తుంది. నాలుగు దిక్కులా ముందుకు పొడుచుకు వచ్చిన ఆయక వేదికలు ఆంధ్రదేశపు స్తూపాల ప్రత్యేక లక్షణం. మెత్తని ఒండ్రు నేలపై, వరదకు లోనయ్యే నదీతీరాన ఇంత బరువైన కట్టడాన్ని నిలపడం సామాన్యమైన విషయం కాదు.

అశోక చక్రవర్తి కుమార్తె సంఘమిత్ర సింహళానికి వెళుతూ ఇక్కడ పునాది వేసినట్లు ఒక ఐతిహ్యం ప్రచారంలో ఉన్నది. ఇది ఐతిహ్యమే కాని శాసన సాక్ష్యం కాదు. పత్రికలలో వార్తలు వ్రాసేటపుడు, సూచిక ఫలకాలు ఏర్పాటు చేసేటపుడు ఈ భేదాన్ని పాటించడం అవసరం. ఐతిహ్యాన్ని పక్కన ఉంచినా, నదీముఖానికి చేరువలో బౌద్ధారామం వెలసిందంటే ఆ రేవులకు వర్తకుల రాకపోకలు ఉండి ఉంటాయని భావించవచ్చును. అమరావతి, ఘంటసాల వంటి క్షేత్రాలు కూడా జలమార్గాలను ఆనుకొనే వెలసినవి.

ఆదుర్రులో సందర్శకునికి కనిపించేది ఎత్తైన గోపురమో, శిల్పమో కాదు. మోకాలి ఎత్తు ఇటుక వరుసలు మాత్రమే. వివరించి చెప్పే వ్యక్తి లేనిచో పది నిమిషాలలో చూసి వెళ్లిపోతారు. చిన్న బృందాలు అవసరమనడానికి ఇది మొదటి కారణం. రెండవది ఇటుకల రక్షణ. ఒకేసారి బస్సులలో వందలమంది దిగి పునాదులపై నడిస్తే, ఉప్పుగాలికి, వానకు ఇప్పటికే బలహీనపడిన వరుసలు రాలిపోతాయి. 1958 నాటి ప్రాచీన కట్టడాల చట్టానికి 2010లో చేసిన సవరణ ప్రకారం రక్షిత స్థలం హద్దు నుండి వంద మీటర్ల వరకు నిర్మాణాలు నిషిద్ధం; ఆపైన మరో రెండువందల మీటర్ల వరకు అనుమతి తప్పనిసరి. పర్యాటక సదుపాయాలను ప్రతిపాదించే స్థానిక సంస్థలు ఈ హద్దులను ముందుగానే గుర్తించవలసి ఉంటుంది.

శిథిలమైన కట్టడాలు లేకున్నా చరిత్ర దాగి ఉన్న రేవులు మరికొన్ని కలవు. వైనతేయ ముఖద్వారానికి చేరువలోని బెండమూర్లంకలో 18వ శతాబ్దంలో ఆంగ్లేయుల వర్తకశాల ఉండేది. 1757లో ఫ్రెంచి సేనాని బుస్సీ దానిని స్వాధీనపరచుకున్నాడు. వశిష్ఠ అవతలి ఒడ్డున నరసాపురం చెంత ఉన్న మాధవాయిపాలెం పేరు ఆంగ్లేయుల నోట మడపొల్లంగా మారి, ఐరోపా విపణిలో ఒక రకం నూలు వస్త్రానికే పేరైనది. సఖినేటిపల్లి నుండి పంటుపై వశిష్ఠను దాటి ఆ రేవులో దిగే ప్రయాణికులలో ఈ సంగతి తెలిసినవారు అరుదు.

రాజోలు ప్రాంతంలోని దిండి వద్ద వశిష్ఠపై పడవ విహారానికి పేరున్నది. అచ్చటి నుండి అంతర్వేది చేరితే లక్ష్మీనరసింహస్వామి ఆలయం, దీపస్తంభం, వశిష్ఠ సంగమం చూడవచ్చును. 2020 సెప్టెంబరులో ఆలయ రథం అగ్నికి ఆహుతి కాగా, నూతన రథం నిర్మించి 2021 ఫిబ్రవరిలో భీష్మ ఏకాదశి ఉత్సవాల నాటికి సిద్ధం చేశారు. సంగమం వద్ద నదీజలం, సముద్రజలం రంగు తేడాతో కనిపించే చోటును అన్నాచెల్లెళ్ల గట్టు అంటారు. ఎగువ జలాశయాలలో ఒండ్రు నిలిచిపోవడం వలన డెల్టాకు చేరే మట్టి తగ్గింది. తీరం కోతకు ఇది ఒక ముఖ్య కారణం. ఒక ఏడు నడిచిన ఇసుకతిన్నె మరుసటి ఏడు ఉండకపోవచ్చును. కనుక పాత ఛాయాచిత్రాలను, పటాలను నమ్ముకొని సంగమం వైపు నడవరాదు.

మడ అడవులను విపులంగా చూడగోరువారు గౌతమి అవతల 1978లో ఏర్పాటైన కోరింగ వన్యప్రాణి అభయారణ్యానికి వెళ్లవచ్చును. ఎదుర్లంక–యానాం వంతెన మీదుగా ఈ ప్రయాణం సులభం. నీటిపిల్లి ఇక్కడి ప్రత్యేక జీవి. అది రాత్రివేళ సంచరించేది గనుక కనిపిస్తుందని సందర్శకులకు ఆశ చూపకుండుటే మేలు.

ఇక ప్రధానమైన విషయం నీటి భద్రత. 2018 జూలై 14న ఐ.పోలవరం మండలం పశువుల్లంక వద్ద గౌతమి పాయలో నిర్మాణంలో ఉన్న వంతెన స్తంభాన్ని నాటుపడవ ఢీకొని, బడి నుండి ఇళ్లకు మళ్లుతున్న విద్యార్థినులు గల్లంతైన సంఘటన ఈ ప్రాంతం మరువలేదు. 2019 సెప్టెంబరు 15న దేవీపట్నం మండలం కచ్చులూరు వద్ద పర్యాటక పడవ మునిగిన దుర్ఘటనలో పదుల సంఖ్యలో ప్రాణాలు పోయాయి. నది వరదమీద ఉండగా ఆ పడవ బయలుదేరినది. తరువాత పర్యాటక పడవల పర్యవేక్షణకు నియంత్రణ గదులు ఏర్పాటు చేయాలని ప్రభుత్వం నిర్ణయించింది. అయినా లంకల మధ్య తిరిగే చిన్న నాటుపడవ పర్యాటక బోటుగా లెక్కకు రాదు. సాహస యాత్ర పేరుతో ప్రయాణికులు ఎక్కేది ఎక్కువగా అటువంటి పడవలే. కనుక ఎక్కే ముందు ప్రతి వ్యక్తికి లైఫ్ జాకెట్ తొడిగించడం, ఎక్కినవారి పేర్ల జాబితా ఒడ్డున ఉంచడం, చీకటి పడకముందే ఒడ్డు చేరడం నిర్వాహకుని బాధ్యత. పడవలో ఎందరు ఎక్కవచ్చునో చెప్పవలసినది సరంగు. బేరమాడి మరో ఇద్దరిని ఎక్కించుకోమని కోరడం తగదు.

ధవళేశ్వరం వద్ద ప్రవాహం 10 లక్షల క్యూసెక్కులకు చేరినపుడు మొదటి ప్రమాద హెచ్చరిక, 13 లక్షలకు రెండవది, 17 లక్షలకు మూడవది జారీ చేస్తారు. 1986 ఆగస్టులో 35 లక్షల క్యూసెక్కులు దాటి రికార్డు నెలకొన్నది. 2022 జూలైలో సుమారు 25 లక్షలు వచ్చినపుడు లంక గ్రామాలు రోజుల తరబడి నీటిలోనే ఉన్నాయి. చాకలిపాలెం–కనకాయలంక కాజ్‌వే వంటివి మొదటి హెచ్చరికకు ముందే మునిగిన సందర్భాలు కలవు. కావున జూలై నుండి సెప్టెంబరు వరకు లంకల యాత్రలు తలపెట్టరాదు. అక్టోబరు, నవంబరు మాసాలు తుఫానుల కాలం. 1996 నవంబరు 6 నాటి తుఫాను కోనసీమ తోటలను నేలమట్టం చేసింది. డిసెంబరు నుండి ఫిబ్రవరి వరకు అనుకూల సమయం. సంక్రాంతి దినాలలో వచ్చేవారు కనుమనాడు జగ్గన్నతోటలో ఏకాదశ రుద్రుల ప్రభల తీర్థాన్ని కూడా దర్శించవచ్చును. 2023 గణతంత్ర దినోత్సవ కవాతులో ఈ తీర్థాన్నే రాష్ట్ర శకటంగా ప్రదర్శించారు.

వైనతేయ, వశిష్ఠల దిగువ భాగాలలో సముద్రపు ఆటుపోట్ల ప్రభావం ఉంటుంది. పోటు మీద సులువుగా వెళ్లిన పడవ పాటు సమయానికి మేట మీద చిక్కుకొనవచ్చును. అందుచేత ఆదుర్రు, ఓడలరేవు, అంతర్వేదిల నడుమ నీటిమార్గాన వెళ్లదలచినవారు బయలుదేరే వేళను గడియారాన్ని బట్టి కాక, ఆనాటి పోటుపాటులను బట్టి స్థానిక మత్స్యకారులను అడిగి నిర్ణయించుకోవలసి ఉంటుంది.