కంటిలోని గాజునీరు

‘కాచము’ అనగా గాజు. మన పాఠ్యపుస్తకములలో కంటి నిర్మాణమును వర్ణించునపుడు కటకమునకు వెనుక నుండు భాగమును ‘కాచావత్ కక్ష్య’ యని పేర్కొందురు. గాజువలె తేటయై, జిగురువలె చిక్కనై యుండు ద్రవము అందు నిండియుండును. గ్రీకు భాషలో గాజునకు ‘హయలోస్’ అని పేరు. 1934లో అమెరికాలోని కొలంబియా విశ్వవిద్యాలయమునకు చెందిన కార్ల్ మేయర్, జాన్ పామర్ అను శాస్త్రజ్ఞులు పశువుల కంటిలోని యీ గాజునీటినుండి క్రొత్త పదార్థమొకదానిని వేరుచేసిరి. అందు యురోనిక్ ఆమ్లము కూడ నుండుటచే, రెండు పదములను జోడించి ‘హయలురోనిక్ ఆమ్లము’ అని నామకరణ మొనర్చిరి. మన పారిభాషిక పదమును కూర్చినవారికిని, ఆ గ్రీకు పదమును ఎన్నుకొన్నవారికిని తోచిన పోలిక ఒక్కటే!

ఆమ్లమనగానే విద్యార్థులకు నిమ్మరసమో, బ్యాటరీలోని ఘాటైన ద్రవమో స్ఫురించును. ఇది అట్టిది గాదు. చక్కెర జాతికి చెందిన రెండు అణువులు జంటగూడి, ఆ జంటలే వేలకొలదిగా పూసలవలె గ్రుచ్చబడిన పొడవైన దండ యిది. నీటిని తనలో పట్టియుంచుట దీని ముఖ్యగుణము. బెండకాయ జిగురును చేత తాకినవారికి దీని స్వభావము కొంత బోధపడగలదు. సుమారు 70 కిలోల బరువుగల మనిషి శరీరమున ఇది దాదాపు 15 గ్రాములుండును. అందులో సగము చర్మముననే కలదు. మొత్తములో మూడవ వంతు ప్రతిదినము విచ్ఛిన్నమై మరల తయారగుచుండును. కీళ్ల నడుమ నుండు ద్రవమునకు జారుడు గుణమిచ్చునదియు నిదియే. కందెనలేని ఇరుసు ఎట్లు కిర్రుమనునో పల్లెలలో పెరిగినవారికి వేరుగా చెప్పనక్కరలేదు. ఆయుర్వేదమున కీళ్లను పట్టియుంచి సులభముగ కదలించు దానికి ‘శ్లేషక కఫము’ అని పేరు. అదియు నిదియు ఒక్కటేనని తొందరపడి చెప్పరాదు గాని, కీలునకు కందెన అవసరమను ఎరుక మాత్రము మిగుల ప్రాచీనము.

ఈ పదార్థము ప్రయోగశాలనుండి వైద్యశాలకు నడచివచ్చిన త్రోవ వినోదకరమైనది. హంగరీ దేశమున జన్మించిన ఎండ్రె బలాష్ అను శాస్త్రవేత్త 1942లో దీనిని రొట్టెల తయారీలో కోడిగ్రుడ్డు తెల్లసొనకు బదులుగా వాడవచ్చునని పేటెంటు కోరెను. గ్రుడ్డునకు బదులుగా తలచిన ఆ వస్తువే పిమ్మట కోడిపుంజు తలమీది జుట్టునుండి తీయబడుట విధివిలాసము! ఎఱ్ఱని యా కోడిజుట్టులో ఇది సమృద్ధిగా నుండును. బలాష్ దానిని కంటికి హాని చేయనంత శుద్ధముగా వేరుచేయు పద్ధతిని సాధించి 1979లో పేటెంటు పొందెను. 1980లో ‘హీలాన్’ అను పేర అది కంటి శస్త్రచికిత్సకై విపణిలోనికి వచ్చెను. నేడు ఎక్కువభాగము స్ట్రెప్టోకాకస్ జాతి బాక్టీరియాలను పెంచి, పులియబెట్టు విధానమున దీనిని తయారుచేయుచున్నారు.

కంటి శస్త్రచికిత్సకు ఇదేల కావలసివచ్చెను? 1949లో లండనులో హెరాల్డ్ రిడ్లీ అను వైద్యుడు, శుక్లము పట్టిన కటకమును తీసి దాని స్థానమున కృత్రిమ కటకమును మొట్టమొదట అమర్చెను. కన్నుముందరి పారదర్శకమైన శుక్లపటలమునకు లోపలి వైపున ఒకే వరుసగా కణములుండును. ఆ పటలమును తేటగా నుంచునవి అవియే. మానవునిలో ఆ కణములు ఒకసారి నశించినచో వాని స్థానమున క్రొత్తవి పుట్టవు. పనిముట్టు తగిలినను, కటకము రాచుకొన్నను చూపునకు ముప్పు. హయలురోనిక్ ఆమ్లపు జిగురును కంటి ముందుగదిలో నింపినచో ఆ గది కుంగక నిలుచును, కణముల వరుసపై మెత్తని పొర ఏర్పడును, వైద్యుని చేతికి చోటు దొరకును. పని ముగియగానే దానిని కడిగివేయుదురు. లోపల మిగిలిపోయినచో కంటి ఒత్తిడి పెరుగును గనుక ఆ కడుగుటయు శస్త్రచికిత్సలో ముఖ్యభాగమే.

ఈ విషయము మన ఉత్తర తెలంగాణమునకు మిక్కిలి దగ్గరది. 1996 నుండి 2000 వరకు హైదరాబాదులోని ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య విజ్ఞాన సంస్థ ఉమ్మడి రాష్ట్రమున నొక విస్తృత పరిశీలన జరిపినది. హైదరాబాదు నగరముతోపాటు పశ్చిమ గోదావరి, మహబూబ్‌నగర్, ఆదిలాబాదు జిల్లాలను అందుకై ఎన్నుకొనిరి. 10,293 మందిని పరీక్షింపగా, అంధత్వము నూటికి 1.84 మందికి ఉన్నదని లెక్క తేలెను. ఆ అంధత్వములో 44 శాతమునకు కారణము శుక్లమే, అనగా మన పల్లెలలో ‘మోతిబిందు’ అని పిలుచునదే. చికిత్స తెలిసిన వ్యాధివలన ఇందరు చీకటిలో నుండిరన్నమాట. ఆ సంస్థ గ్రామీణులకై తన మొదటి ద్వితీయ స్థాయి కేంద్రమును 1996లో ముథోలులో నెలకొల్పినది. నాడు ఆదిలాబాదు జిల్లాలోనుండిన ముథోలు 2016 నుండి నిర్మల్ జిల్లాలో నున్నది.

ఇచ్చట నొక సత్యమును గుర్తింపవలెను. మన దేశమున పేదలకు జరుగు శుక్ల చికిత్సలలో పెక్కింట వాడునది హయలురోనిక్ ఆమ్లము గాదు. మొక్కలలోని సెల్యులోజునుండి చేసిన చవుకైన వేరొక జిగురు. నిపుణుని చేతిలో చాలవరకు అదియే సరిపోవుచున్నది. క్లిష్టమైన కన్నులకు మాత్రము ఖరీదైన దాని అవసరము కలుగును. కరీంనగరపు వెండి తీగపనివానికి, నిర్మల్ కొయ్యబొమ్మలకు రంగులద్దువానికి, సిరిసిల్ల నేతగానికి కన్నే జీవనాధారము. వారికి కావలసినది సకాలమున చికిత్స. ఏ జిగురు వాడవలెనో వైద్యుడు నిర్ణయించును.

ఇక మోకాళ్ల సంగతి. దినమెల్ల నాట్లువేయు స్త్రీలు, కూర్చుండి బీడీలు చుట్టువారు, గోదావరిఖని, మందమఱ్ఱి గనులలో ఏండ్లకొలది శ్రమించినవారు అరువది యేండ్లు నిండకముందే మోకాళ్లు పట్టుకొని నడుచుట మనము చూచుచున్నదే. అరిగిన కీలులోనికి ఈ ఆమ్లమును సూదిద్వారా ఎక్కించు చికిత్సకు అమెరికాలో 1997లో అనుమతి లభించెను. ‘మోకాలిలో గుజ్జు ఎక్కించుట’ యని జనులు చెప్పుకొనునది ఇదియే. అయితే 2022లో బ్రిటిష్ మెడికల్ జర్నల్ 169 ప్రయోగములను, 21,163 మంది రోగుల వివరములను క్రోడీకరించిన సమీక్షను ప్రకటించినది. ఉత్తుత్తి సూదితో పోల్చిచూడగా నొప్పి తగ్గినది స్వల్పమేననియు, రోగికి స్పష్టముగ తెలియునంతటి మేలు కాదనియు అందు తేల్చిరి. అరిగిన మృదులాస్థిని అది తిరిగి మొలిపింపదు. కావున అప్పు చేసియైనను సూది వేయించుకొనవలె ననుకొనువారు ముందుగా బరువు తగ్గుట, తొడ కండరములకు బలమిచ్చు వ్యాయామము మొదలగు వానిని గూర్చి వైద్యుని అడుగుట మంచిది.

సౌందర్య సాధనముగా దీనికి వచ్చిన పేరు వేరు. లేపనముగా పూసినపుడు ఇది చర్మపు పైపొరలో తేమను నిలుపును. పెద్ద అణువులు లోతునకు పోజాలవు గనుక ముడుతలు మాయమగునని ఆశింపరాదు. ఆదిలాబాదు చలికి పగిలిన చర్మమునకు మన పెద్దలు పూసిన నూనెలును తేమ ఆవిరికాకుండ కాపాడునవే. ముఖమున సూదితో ఎక్కించి బుగ్గలను, పెదవులను నింపు పద్ధతి మరియొకటి. ఇందు ప్రమాదము కలదు. సూది పొరపాటున రక్తనాళమున దిగినచో, ఆ జిగురు కంటి నాళముల వరకు ప్రాకి రక్తప్రసారమును అడ్డగింపవచ్చును. ముక్కు, నుదురు, కనుబొమల నడిమి భాగము ముఖ్యముగ ప్రమాదస్థానములు. 2015లో ప్రకటితమైన ఒక సమీక్ష, ఇట్టి పూరక పదార్థములన్నిటివలన చూపు దెబ్బతిన్న 98 ఉదంతములను పేర్కొన్నది. వానిలో దాదాపు నాలుగవ వంతు హయలురోనిక్ ఆమ్లమునకు సంబంధించినవి. దీనిని కరిగించు ఎంజైము లేకపోలేదు గాని, కన్ను వేచియుండు సమయము అత్యల్పము.

కంటినుండి పుట్టి, కంటి చికిత్సకు తోడ్పడిన పదార్థమే తెలియని చేతిలో కంటికి శత్రువగుచున్నది. పట్టణములలో అలంకారశాలలు వెలసి, చేతిలోని ఫోనులో ప్రకటనలు వెల్లువెత్తుచున్న యీ దినములలో, తొమ్మిది, పది తరగతుల బాలబాలికలకు ఈ సంగతి తెలియుట అవసరము. మానవ నేత్రమును గూర్చిన పాఠము చెప్పునపుడు ఉపాధ్యాయులు కాచావత్ కక్ష్య యను పేరునొద్ద ఒక క్షణము ఆగి, ఆ గాజునీటి కథ చెప్పుదురు గాక. కన్ను తెల్లబారిన తాతకో, అవ్వకో ‘మోతిబిందునకు మందున్నది, దవాఖానకు పోదము రమ్ము’ అని ఆ సాయంకాలము ఒక విద్యార్థి ఇంటికిపోయి చెప్పినను, ఆ పాఠము సార్థకమైనట్లే.