ఫాగ్ గారూ, ఒక్కసారి కిటికీలోంచి చూడండి!

మొన్న విశాఖ నుంచి విజయవాడకు పగటి రైల్లో వస్తున్నాను. అదృష్టం కొద్దీ కిటికీ పక్క సీటు దొరికింది. చేతిలో ఫోన్, ఫోన్లో జూల్స్ వెర్న్ నవల ‘ఎరౌండ్ ద వరల్డ్ ఇన్ ఎయిటీ డేస్’. 1872లో ఫ్రెంచి పత్రికలో సీరియల్‌గా వచ్చి, మరుసటి ఏడాది పుస్తకమైంది. అంత పాత నవల కదా, రెండు పేజీలకే నిద్ర ముంచుకొస్తుందనుకున్నా. నిద్ర రాలేదు సరికదా, హీరో మీద ఒళ్లుమండింది!

కథ మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. లండన్‌లో ఫిలియాస్ ఫాగ్ అని ఓ డబ్బున్న పెద్దమనిషి. క్లబ్బులో పేకాడుతూ, ఎనభై రోజుల్లో భూమిని చుట్టి వస్తానని 20 వేల పౌండ్లు పందెం కాస్తాడు. కొత్తగా పనిలో చేరిన పాస్‌పార్తూని వెంటేసుకుని ఆ రాత్రే రైలెక్కేస్తాడు. సూయెజ్ దగ్గర్నుంచి డిటెక్టివ్ ఫిక్స్ వెంటపడతాడు. బ్యాంకు దోచింది ఫాగేనని అతని అనుమానం.

ఊరు చూడని ప్రయాణికుడు

ఇంతకీ కోపం ఎందుకంటారా? ఈయన దేన్నీ చూడడు! ఓడ ఎర్రసముద్రం దాటుతున్నా పేకాటే, హిందూ మహాసముద్రంలోకి వచ్చినా పేకాటే. బొంబాయిలో దిగి ఏం చేశాడో తెలుసా? పాస్‌పోర్టు మీద ముద్ర వేయించుకుని, స్టేషన్లో భోంచేశాడు. అంతే! ఊరు చూసే పని పాస్‌పార్తూది. పాపం అతనేమో మలబార్ హిల్ మీది గుళ్లోకి బూట్లతో వెళ్లి తన్నులు తిన్నాడు. అయినా నా ఓటు అతనికే. కళ్లు తెరిచి తిరిగేవాడికే కదా చెప్పుకోవడానికి కథలుంటాయి!

రైలు ఆగిన చోట

బొంబాయి నుంచి కలకత్తాకి రైలు మార్గం పూర్తయిందని పేపర్లో చదివి ఫాగ్ లెక్కలు వేసుకున్నాడు. తీరా చూస్తే ఖోల్బీ అనే చోట పట్టాలు అయిపోయాయి. అలహాబాద్‌కి ఇంకా 80 కిలోమీటర్లు. నిజానికి ఆ మార్గం 1870లోనే పూర్తయింది. కథ కోసం వెర్న్ మధ్యలో పట్టాలు పీకేశాడన్నమాట. అలా పీకడమే మంచిదైంది. ఫాగ్ 2 వేల పౌండ్లు పోసి ఏనుగును కొని, అడవిలోకి దిగుతాడు. అక్కడ చనిపోయిన రాజుతో పాటు చితిలో కాల్చేయబోతున్న ఔదా అనే అమ్మాయి కనిపిస్తుంది. పన్నెండు గంటలు మిగిలి ఉన్నాయి, ఈమెని కాపాడదాం అంటాడు ఫాగ్. అప్పటిదాకా గడియారంలా తిరిగిన మనిషి, మొదటిసారి మనిషిలా కనిపించాడు నాకు.

అక్కణ్నుంచి గమనిస్తే ఓ సంగతి తెలిసింది. టైమ్‌టేబుల్ ప్రకారం జరిగిందేదీ మనకు గుర్తుండదు. అది తప్పినప్పుడల్లా కథకు ప్రాణం వస్తుంది. అమెరికాలో పాస్‌పార్తూ కోసం ఫాగ్ పందేన్నే పణంగా పెట్టి వెనక్కి వెళ్లడం కూడా అంతే.

గుచ్చుకునే పేజీలు

అన్నీ నచ్చాయని చెప్పను. మన దేశం గురించిన పేజీలు చదువుతుంటే చిరాకేసింది. ఫకీర్లు, చితిమంటలు, పాములు, పులులు... వెర్న్‌కి కనిపించినవి ఇవేనా అనిపిస్తుంది. ఔదా అందగత్తె అని చెప్పడానికి యూరప్ వాళ్లంత తెల్లగా ఉందనాలా? పైగా ఆమెని చాలాసేపు సామానులా మోసుకెళ్తారు. చివర్లో మాత్రం ఒకే ఒక్క ప్రశ్న అడిగి కథను మలుపు తిప్పేది ఆమే. అదేంటో నేను చెప్పను, చదివి తెలుసుకోండి. పాస్‌పార్తూ వాచీ మీద కూడా ఓ కన్నేసి ఉంచండి. దాని వెనక అదిరిపోయే ట్విస్ట్ ఉంది.

పందెం గెలిస్తే వచ్చేది 20 వేల పౌండ్లు. దారి ఖర్చే సుమారు 19 వేలు! మరి ఇంత తిరిగి ఫాగ్ సంపాదించిందేంటి? ప్లాన్‌లో లేని ఆ మనుషులే.

గోదారి వచ్చింది, వెళ్లిపోయింది

సరిగ్గా ఈ మాటలే ఫోన్లో నోట్స్‌గా టైప్ చేసుకుంటున్నా. ఎదురు సీట్లో పెద్దావిడ నా మోచేయి తట్టి, “ఏమ్మా, గోదారి దాటేశాం. ఒక్కసారైనా తలెత్తవేం? డబ్బులేసి దణ్నం పెట్టుకునేదానివి కదా!” అంది. గబుక్కున తల తిప్పాను. వంతెన అయిపోయింది. కొవ్వూరు వచ్చేసింది.

రాజమండ్రి ఎప్పుడు వచ్చిందో కూడా తెలీదు నాకు. గంటసేపటి నుంచి ఫాగ్‌ని తిడుతూనే ఉన్నాను!

పుస్తకం తప్పకుండా చదవండి. ఓ వారంలో అయిపోతుంది. కిటికీ పక్క సీట్లో కూర్చుని మాత్రం కాదు.