ఇసుక నేలనుండి ఇసుక నేలకు

నడవడానికి జర్మనీ దేశం దాకా పోవాలా అని మా ఊళ్ళో అడగనివారు లేరు. సూళ్ళూరుపేటకు తూర్పున, పులికాట్ సరస్సు ఒడ్డు పల్లె మాది. 2022లో జిల్లాలు విడిపోయాక కాగితాల్లో మాది తిరుపతి జిల్లా అయింది గాని, మా నోట మాత్రం నెల్లూరే. పొలానికి నడిచాము, బడికి నడిచాము, బస్సు రాని రోజుల్లో ఆదివారపు ఆరాధనకు నాలుగు మైళ్ళు నడిచాము. సెలవు పెట్టి, విమానమెక్కి వెళ్ళి మరీ నడవడమంటే మాకే నవ్వు వచ్చింది. అయితే హాంబర్గు పట్టణంలో ఉద్యోగం చేస్తున్న మా అబ్బాయి పట్టు విడవలేదు. "ఆగస్టులో అక్కడ పూలు పూస్తాయి, ఒక వారం నడుద్దాం నాన్నా. మన వైపుకు సువార్త తెచ్చిన జర్మనీ దొరల ఊరు కూడా ఆ దారిలోనే ఉంది" అన్నాడు. ఆ రెండవ మాటకు మేమిద్దరం ఒప్పుకున్నాము.

మరొక కారణం కూడా ఉంది. విమానం దుబాయిలో ఆగుతుంది. దుబాయిలో మా చెల్లెలు ఉంది.

ఆమె 2010లో వెళ్ళింది. రెండేళ్ళకొకసారి వచ్చి నెల రోజులుండి పోయేది. 2020 జూన్‌లో అమ్మ ప్రభువునందు నిద్రించింది. ఆ మార్చి నెలలోనే విమానాలు ఆగిపోయాయి గనుక ఆమె రాలేకపోయింది. భూస్థాపన ఫోనులో చూపించాము. సమాధి దగ్గరకు చేరేసరికి సిగ్నలు పోయింది. మళ్ళీ కలిసేసరికి మట్టి వేసేశారు. అప్పటినుండి ఆమె ఊరికి రాలేదు. డబ్బు పంపుతుంది, అందరి క్షేమం అడుగుతుంది, ఎప్పుడొస్తావంటే మాట మారుస్తుంది. అమ్మ కడసారి చూపు దక్కనివ్వలేదని మామీద కోపమేమో అనుకుంటూ నాలుగేళ్ళు గడిపాము. ఆమె మన ఊరికి రావడమే గాని, మన ఊరినుండి ఒక్కరైనా ఆమె ఉన్న చోటికి వెళ్ళలేదన్న సంగతి టిక్కెట్టు చేతికి వచ్చేదాకా మాకు తట్టలేదు.

ఇలాంటి ప్రయాణం తలపెట్టేవారికి రెండు మాటలు. జర్మనీ వీసాకు మేము మద్రాసు వెళ్ళి వేలిముద్రలు ఇచ్చాము. పెద్దవారికి రుసుము 90 యూరోలు. కనీసం 30,000 యూరోలకు వైద్య బీమా ఉండాలి. దుబాయిలో విమానాశ్రయం దాటి బయటికి పోవాలంటే దానికి వేరే వీసా. పాస్‌పోర్టులో, మిగతా కాగితాల్లో పేరు ఒకే విధంగా ఉన్నదో లేదో ముందే చూచుకోండి. బాప్తిస్మపు పేరు ఒకచోట, ఇంటి పేరు మరొకచోట ఉండి మేము రెండు నెలలు తిరిగాము.

2024 ఆగస్టులో బయలుదేరాము. చెల్లెలు అడిగినవి రెండే. ఎండు నెత్తళ్ళు, మన చేలోని వేరుశనక్కాయలు. మాకై మేము అమ్మ బైబిలు కూడా పెట్టెలో పెట్టుకున్నాము.

మద్రాసునుండి దుబాయికి నాలుగు గంటలు. రాత్రివేళ కూడా అక్కడి గాలి పొయ్యిమీది ఆవిరిలా మొహానికి కొట్టింది. చెల్లెలు వచ్చి కావలించుకుని ఏడ్చింది. ఆమె ఇంట్లోనే దిగుతామని మేము అనుకుంటే, దగ్గరలో ఒక లాడ్జిలో గది తీసి ఉంచింది. ఎందుకని అడిగితే రేపు చూద్దురుగాని అన్నది.

మరునాడు చూచాము. ఒక గదిలో ఆరుగురు ఆడవారు. ఒకదానిమీద ఒకటిగా మూడు జతల మంచాలు, మంచానికొక తెర. గదికి కాదు, మంచానికి అద్దె. దానిని అక్కడ బెడ్ స్పేస్ అంటారు. తెర లోపల గోడకు మా ఇంటి ఫోటో అతికించి ఉంది. ఆమె డబ్బుతో పోసిన శ్లాబుతో, వాకిలి మీద 'యెహోవా యీరే' అన్న అక్షరాలతో. "ఇదే నా ఇల్లు వదినా, కూర్చో" అని మంచం చూపించింది. ఇద్దరం కూర్చోవడానికి చోటు లేదు. ఒకరం నిలబడ్డాము.

ఆమె ఒక ఆసుపత్రిలో శుభ్రం చేసే పని చేస్తుంది. 2022నుండి ఆ దేశంలో శని, ఆదివారాలు సెలవులయ్యాయి గాని, ఆమె డ్యూటీకి ఆదివారం కుదరదు. పాత అలవాటు ప్రకారం శుక్రవారమే ఆరాధనకు వెళుతుంది. మమ్మల్ని కూడా ఊద్ మేథాలోని హోలీ ట్రినిటీ ఆలయానికి తీసికొని వెళ్ళింది. పూర్వం అక్కడి పాలకుడు షేక్ రషీద్ ఇచ్చిన స్థలంలో కట్టిన ఆలయమది. ఒకే ఆవరణలో ఎన్నో భాషల సంఘాలు గంటలు పంచుకుని ఆరాధించుకుంటాయి. ఒక హాలులో ప్రార్థన ముగిసేసరికి వాకిట్లో మరొక భాషవారు చెప్పులు విడుస్తుంటారు.

ఆ సాయంత్రం అమ్మ బైబిలు చేతికిచ్చాము. తెరిస్తే కీర్తనల గ్రంథం మధ్య సంఘపు కానుక కవరు, అందులో ఇరవై రూపాయల నోటు. అమ్మ ఇవ్వకుండా పోయిన ఆఖరి ఆదివారపు కానుక అది. అప్పుడు అడిగాము, "మామీద కోపమా అమ్మా?" అని. ఆమె ఆశ్చర్యపోయింది.

సంగతేమంటే, జర్మనీలో చదవబోయే విద్యార్థి ఒక సంవత్సరపు ఖర్చును ముందే బ్యాంకులో వేసి చూపాలి. మా అబ్బాయి వెళ్ళిన 2021లో అది 10,332 యూరోలు. సగం మేము పొలం కుదువపెట్టి తెచ్చాము. మిగిలిన సగం "నా దగ్గర దాచిపెట్టినది ఉందన్నా" అని చెల్లెలు పంపింది. దాచిపెట్టినది లేదు. అక్కడ అప్పు చేసింది. ఊరికి రావాలంటే టిక్కెట్టు ఖర్చు, సెలవు నెల జీతం నష్టం, కంతు తప్పుతుంది. అందుకని రాలేదు. కోపం కాదు. "ఇంకొక సంవత్సరంలో తీరిపోతుంది. అబ్బాయికి మాత్రం చెప్పొద్దు" అని మా ఇద్దరిచేత మాట తీసుకుంది.

ఆ మాట మూటగట్టుకుని జర్మనీలో దిగాము.

హాంబర్గుకు దక్షిణాన లూనెబుర్గు హైడె అనే ప్రాంతముంది. హైడె అంటే చెట్లు లేని బీడు. మోకాలెత్తు హీథర్ పొదలు ఆగస్టులో ఊదారంగు పూలు పూసి, చూచినంత దూరం చీర పరచినట్లుంటుంది. ఆ బీడులగుండా హాంబర్గు శివారునుండి చెల్లె అనే పట్టణం వరకు 223 కిలోమీటర్ల కాలిబాట 2012లో ఏర్పరచారు. దాని పేరుకు అర్థం 'గొర్రెల దారి'. మేము ముక్కలు ముక్కలుగా ఐదు రోజులు నడిచాము. రోజుకు పది పన్నెండు కిలోమీటర్లు. మాలో ఒకరికి మోకాళ్ళ నొప్పి గనుక అంతకు మించలేదు. దారిలో ఎదురైన ప్రతివారూ "మోయిన్" అంటారు. ఉదయమైనా సాయంత్రమైనా వారి వందనం అదే. రెండవ రోజుకు మేమూ అన్నాము.

మొదటి రోజు మోటారు బండ్లు లేని విల్జెడె అనే కుగ్రామం దగ్గర నడిచాము. అక్కడికి బరువులూ మనుషులూ గుర్రపు బండ్లమీదే వస్తారు. పక్కన విల్జెడె కొండ. ఎత్తు 169 మీటర్లు. మన వెలికొండలను చూచినవారు దానిని కొండ అనరు! కాళ్ళకింద మాత్రం మన నేలే. తెల్లని ఇసుక. చెప్పు విడిచి నిలబడితే సరుగుడు తోటలో నిలబడినట్లే ఉంది.

ఈ బీడు దానంతటది ఏర్పడినది కాదు. అడవి నరికిన ఇసుక నేలలో గొర్రెలు మేసి మేసి చెట్టు మొలవకుండా చేస్తేనే హీథర్ నిలుస్తుంది. గొర్రెలు పోతే మళ్ళీ అడవే. అక్కడి గొర్రె బూడిదరంగు బొచ్చుది, నల్లని మొహం, ఆడదానికీ కొమ్ములుంటాయి. మన నెల్లూరు గొర్రెకు బొచ్చే లేదు. కాని ఇండియాలో దానంత పొడవైన గొర్రె మరొకటి లేదు. రెండింటినీ పక్కపక్కన నిలబెడితే చుట్టాలని ఎవరూ అనరు. వాటితో చేయించుకునే పని మాత్రం ఒక్కటే. మనవారు ఎరువుకోసం చేలో మంద పెట్టిస్తారు. వారు పూర్వం హీథర్ గడ్డలు పెళ్ళగించి గొర్రెల కొట్టంలో పరచి, పెంటతో కలిసి మాగినదాన్ని ఇసుక చేలకు తోలేవారు. అంత చాకిరీకి దక్కేది కాస్త రై ధాన్యం. ఆ పాత రైతుల ఇళ్ళలో పశువులూ మనుషులూ ఒకే కప్పుకింద ఉండేవారు. వాకిలి దూలంమీద ఇల్లు కట్టిన సంవత్సరం, వాక్యం చెక్కి ఉంటాయి. అవి చూడగానే మాకు దుబాయిలో తెరవెనుక ఫోటో గుర్తుకు వచ్చింది.

1900ల మొదట్లో ఆ బీడులు కొనేసి ధనవంతులు సెలవు ఇళ్ళు కట్టుకోబోతుంటే, ఈగెస్టోర్ఫు గ్రామ పాస్టరు విల్‌హెల్మ్ బోడె గారు దాతల దగ్గర డబ్బు కూడబెట్టి 1906లో ఒక లోయను, 1910లో ఆ కొండను కొనిపించి కాపాడారు. పాస్టరుగారికి పొదల గొడవ ఎందుకని అప్పటి సంఘ పెద్దలు అనే ఉంటారు. మన సంఘాల్లోనైతే తప్పక అంటారు.

మూడవ రోజు మధ్యాహ్నం, ఒక బర్చ్ చెట్టుకింద బల్లమీద కూర్చుని రొట్టె తింటున్నాము. మనుషులు ఎదురెదురుగా కూర్చుంటే రాని మాటలు పక్కపక్కన నడుస్తుంటే వస్తాయి. అప్పటికి మూడు రోజులుగా అబ్బాయి తన చదువు, అప్పులు, ఇక్కడి మొదటి చలికాలం అన్నీ చెప్పుకుంటూ వచ్చాడు. "అత్త ఎలా ఉంది? మంచి ఫ్లాటేనా?" అన్నాడు. మేము ఒకరి మొహం ఒకరం చూచుకున్నాము. మాట ఇచ్చి తప్పడం పాపమే. కాని మంచి ఫ్లాటే అని చెప్పడానికి నోరు రాలేదు. మొత్తం చెప్పేశాము. మంచం సంగతి, తెర సంగతి, అప్పు సంగతి. వాడు రొట్టె కిందపెట్టి లేచి చాలాదూరం ఒక్కడే నడిచాడు. మేము వెనుకనే నిదానంగా వెళ్ళాము. ఆ సాయంత్రం ఎవరమూ పెద్దగా మాట్లాడలేదు.

ఐదవ రోజు ఎర్ట్సె అనే చిన్న నది వెంట హెర్మన్స్‌బుర్గు చేరాము. మన వైపు పాతవారికి ఈ పేరు తెలుసు. 1849లో ఇక్కడి పాస్టరు లూయీ హార్మ్స్ గారు పన్నెండుమంది యౌవనులతో మిషనెరీ పాఠశాల తెరిచారు. ఎక్కువమంది రైతుబిడ్డలే. చదువుతోపాటు పొలం పని కూడా చేయాలి. 1853లో కానుకలతో సొంత ఓడ కట్టించారు. అపొస్తలుల కార్యములు 8వ అధ్యాయంలోని రాణి పేరు మీద దానికి కందాకే అని పేరు పెట్టి ఆఫ్రికాకు పంపారు. ఐతియొపీయ వైపు వెళ్ళనివ్వకపోతే దక్షిణాన నాటాలులో దిగి, అక్కడా హెర్మన్స్‌బుర్గు అనే ఊరు కట్టారు. 1854నుండి ఒక మాసపత్రిక నడిపి ఊరూరికీ సంగతులు తెలియజేశారు. పత్రికకు చందా కట్టండని మన సంపాదకులు ఎందుకు పోరుతారో అక్కడ అర్థమయింది.

1865లో, హార్మ్స్ గారు మరణించిన సంవత్సరంలోనే, ఆగస్ట్ మిలియస్ గారు మన సూళ్ళూరుపేటలో పని మొదలుపెట్టారు. తరువాత నాయుడుపేట, గూడూరు, వెంకటగిరి, రాపూరు, కాళహస్తి. మొదటి ప్రపంచ యుద్ధంలో జర్మనీవారు వెళ్ళిపోవలసి వచ్చింది. అమెరికాలోని ఒహాయో లూథరన్లు ఆ పని అందుకున్నారు. నేటి దక్షిణాంధ్ర లూథరన్ సంఘము అందులోనుండి వచ్చినదే.

ఆ చిన్న ఊళ్ళో రెండు పెద్ద లూథరన్ ఆలయాలున్నాయి. హార్మ్స్ గారి తమ్ముడు థియొడోర్ గారు, మార్చిన వివాహ క్రమాన్ని అంగీకరించనందుకు 1878లో ఉద్యోగం పోగొట్టుకుంటే, సంఘంలో చాలామంది ఆయన వెంట వెళ్ళి వేరే ఆలయం కట్టుకున్నారు. సంఘాలు చీలడం మనకే తెలిసిన విద్య కాదన్నమాట.

ఆదివారం ఆరాధనలో తలలు నెరసినవారే ఎక్కువ. ముగిశాక ఒక ముసలమ్మ మా దగ్గరకు వచ్చింది. మా ఊరి పేరు అబ్బాయి చెబితే రెండుసార్లు పలికి చూచుకుంది. చిన్నతనంలో మిషను డబ్బాలో నాణెం వేసేదట. ఎక్కడికి పోతుందో తెలియదట. వేయమని అమ్మ చెప్పేదట. అబ్బాయి ఆమె మాటలు తెలుగులో చెబుతూ చెబుతూ మధ్యలో ఆగిపోయాడు.

హెర్మన్స్‌బుర్గుకు ఎంతో దూరం లేదు బెర్గెన్-బెల్సెన్. హిట్లరు కాలంలో యాభై వేలమందికి పైగా ఖైదీలు ఆకలికీ జ్వరాలకూ చచ్చిపోయిన స్థలం. ఆన్ ఫ్రాంక్ అనే చిన్నపిల్ల 1945లో పోయినది అక్కడే. పొడవైన మట్టి దిబ్బలు, ఒక్కొక్కదానిమీద లోపల ఎన్ని వేలమంది ఉన్నారో రాసిన రాయి. దిబ్బలమీద కూడా అదే హీథర్ పూసింది. వాకిలి దూలాలమీద వాక్యాలు చెక్కుకున్న ఇళ్ళు ఆ చుట్టుపక్కల ఊళ్ళలోనే ఉన్నాయి. మేము ప్రార్థన చేయాలనుకున్నాము గాని మాటలు రాలేదు.

ఆ రాత్రి బసలో అబ్బాయి ఫోను తీసి అత్తకు చేశాడు. మేము బయటికి వచ్చేశాము. గంటసేపు మాట్లాడాడు. తరువాత చెల్లెలు మాకు చేసి, "మాట తప్పారు గదా అన్నా" అని తిట్టింది. కొంచెంసేపు తిట్టి, వాడు ఏం తింటున్నాడని అడిగింది. మిగిలిన కంతులు వాడే కడుతున్నాడు.

డిసెంబరులో వాడు దుబాయిలో రెండు రోజులు దిగి, ఆ గది చూచి, అత్తను వెంటబెట్టుకుని ఊరికి వచ్చాడు. క్రిస్మస్ ముందు రోజు సాయంత్రం ఆమె అమ్మ సమాధి దగ్గర చెప్పులు విడిచి ఇసుకలో చాలాసేపు కూర్చుంది. ఆ ఇరవై రూపాయల కవరు తిరిగి తెచ్చింది. మరునాడు ఆరాధనలో కానుక సంచి వచ్చినప్పుడు, అమ్మ పేరు రాసి ఉన్న ఆ కవరును అలాగే అందులో వేసింది. లెక్కపెట్టేవారు ఇది ఎవరిదని అడిగారు.