సైకిల్ నిక్కరుకు వేడి పడదు
సైకిల్ తొక్కేవారు వేసుకునే బిగుతు నిక్కరు రోడ్డు మీద కన్నా ఉతికే చోటే ఎక్కువగా పాడవుతుందని నా అభిప్రాయం. దానికి సాగే గుణం ఇచ్చేది 1958లో డ్యూపాంట్ సంస్థలో జోసెఫ్ షివర్స్ రూపొందించిన స్పాండెక్స్ దారం. మనం లైక్రా అంటున్నది దాన్నే. ఆ దారానికి వేడి పడదు, బ్లీచింగ్ అసలే పడదు. సలసల కాగే నీళ్లు, డ్రయ్యర్, ఇస్త్రీపెట్టె తగిలేకొద్దీ బిగువు సడలిపోతుంది. బట్టలకు మెత్తదనం, సువాసన ఇచ్చే కండిషనర్ కూడా మేలు చేయదు. అది పోగుల మీద పొరలా పేరుకుని, చెమటను పీల్చి ఆరబెట్టే గుణాన్ని తగ్గిస్తుంది.

వేడి నీళ్లు లేకుండా క్రిములు ఎలా పోతాయని అడగవచ్చు. సందేహం న్యాయమైనదే. ఒకప్పుడు తోలుతో, ఇప్పుడు ఎక్కువగా ఫోముతో చేసే నిక్కరు లోపలి మెత్త గంటల తరబడి చర్మానికి ఒరుసుకుంటుంది. మురికిగా ఉంటే కురుపులు లేస్తాయి. అయితే క్రిములు పెరగడానికి తడి, చెమట, సమయం కావాలి. తొక్కి వచ్చిన వెంటనే నిక్కరును తిరగేసి, చన్నీళ్లలో కొద్దిపాటి సబ్బుతో ఉతికి, నురగ పూర్తిగా పోయేలా జాడించి, గాలాడే నీడలో మెత్త లోపలిదాకా ఆరనిస్తే వాటికి ఆ అవకాశం చిక్కదు. సంచిలో ముద్దగా పడేసిన దాన్ని మర్నాడు వేడి నీళ్లలో ముంచినా వాసన వదలడం కష్టం, ఎందుకంటే ఇలాంటి బట్టలో తరచూ ఉండే పాలిస్టర్ ఒంటి జిడ్డును గట్టిగా పట్టుకుంటుంది. వానాకాలంలో మెత్త త్వరగా ఆరదు కాబట్టి రోజూ తొక్కేవారికి రెండు జతలైనా ఉండాలి.