ఖరగ్‌పూర్ ప్లాట్‌ఫారం గదిలో పడుతుందా? జపాన్ మోడల్ రైళ్ల సేకరణ వెనుక లెక్కలు

ఖరగ్‌పూర్ జంక్షన్ ప్లాట్‌ఫారం పొడవు 1,072.5 మీటర్లు. 2013లో గోరఖ్‌పూర్, ఆ తర్వాత 2023లో 1,507 మీటర్లతో హుబ్బళ్లి దానిని దాటిపోయేంత వరకు ప్రపంచంలోని అతి పొడవైన ప్లాట్‌ఫారంగా పాఠ్యపుస్తకాల్లోనూ, పోటీ పరీక్షల ప్రశ్నల్లోనూ దానికి స్థానం ఉండేది. ఆ ప్లాట్‌ఫారాన్ని జపాన్‌లో అత్యధికంగా అమ్ముడయ్యే మోడల్ రైళ్ల కొలతకు, అంటే నూట యాభయ్యో వంతుకు కుదించినా ఏడు మీటర్లకు పైనే ఉంటుంది. రైల్వే క్వార్టర్స్‌లోని ఏ గదిలోనూ అది పట్టదు. అయితే అదే కొలతలో పది పెట్టెల జపాన్ లోకల్ రైలు పొడవు మీటరుంపావు కంటే కాస్త ఎక్కువ. దానికి కిటికీ పక్కన ఉన్న బల్ల చాలు.

ఖరగ్‌పూర్ ఊరు పుట్టిందే రైలు వల్ల. పంతొమ్మిదో శతాబ్దం చివర బెంగాల్ నాగపూర్ రైల్వే ఇక్కడికి చేరింది. 1904లో వర్క్‌షాప్ వెలిసింది. ఆ రైలు మార్గమే తూర్పు తీరం వెంట వాల్తేరు దాకా సాగింది కనుక గంజాం, శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ ప్రాంతాల నుంచి తెలుగువారు పని వెతుక్కుంటూ ఈ ఊరికి వచ్చారు. ఫిట్టర్లుగా, టర్నర్లుగా, బాయిలర్ పనివారిగా స్థిరపడ్డారు. తరువాతి కాలంలో రాష్ట్రపతి అయిన వి.వి. గిరి 1928లో బెంగాల్ నాగపూర్ రైల్వే కార్మికుల సమ్మెకు నాయకత్వం వహించారు. గోల్‌బజార్, నింపురా, మథురాకాటి వంటి పేటల్లో ఇప్పటికీ తెలుగు వినిపిస్తుంది. పశ్చిమ బెంగాల్‌లో తెలుగుకు అధికార భాష హోదా ఇవ్వాలని 2020 డిసెంబరులో ఆ రాష్ట్ర మంత్రివర్గం నిర్ణయించడానికి ఈ ఊరి తెలుగు జనాభా ప్రధాన కారణం.

తాత కాలం నుంచి రైలుతో జీవించిన ఇంట్లో పిల్లవాడు బొమ్మరైలు అడగడం సహజం. పెద్దయ్యాక నిజమైన కొలతల్లో మోడల్ కావాలనుకోవడం కూడా సహజమే. ఆశ్చర్యం కలిగించేది మరొకటి. అలా వెతకడం మొదలుపెట్టినవారికి హౌరా మెయిల్ కంటే ముందు టోక్యో లోకల్ రైలు దొరుకుతుంది. కోరమాండల్ కంటే షింకాన్‌సెన్ సులువుగా చేతికి వస్తుంది. ఇందుకు కారణం కొంత చరిత్ర, కొంత గణితం.

జపాన్‌లో తొలి రైలు 1872లో టోక్యోలోని షింబాషి నుంచి యోకొహామాకు నడిచింది. కొండలు ఎక్కువగా ఉన్న ఆ దేశం ఖర్చు తగ్గించుకోవడానికి 1,067 మిల్లీమీటర్ల ఇరుకు పట్టాను ఎంచుకుంది. 1964 అక్టోబరు 1న మొదలైన షింకాన్‌సెన్‌కు మాత్రం 1,435 మిల్లీమీటర్ల ప్రామాణిక పట్టా వేశారు. మోడల్ రైళ్ల ప్రపంచంలో 'ఎన్' అనే వర్గం ఉంది. పట్టాల మధ్య దూరం తొమ్మిది మిల్లీమీటర్లు కావడం వల్ల, తొమ్మిదికి సంబంధించిన ఆంగ్ల, జర్మన్ పదాల తొలి అక్షరం మీదుగా ఆ పేరు వచ్చింది. ప్రామాణిక పట్టాను నూట అరవయ్యో వంతుకు కుదిస్తే దాదాపు సరిగ్గా తొమ్మిది మిల్లీమీటర్లు వస్తుంది. అందుకే షింకాన్‌సెన్ మోడళ్లను 1:160 నిష్పత్తిలో చేస్తారు. ఇరుకు పట్టా మీది రైళ్లను కూడా అదే నిష్పత్తిలో చేస్తే పక్కన మరీ చిన్నవిగా కనిపిస్తాయి. లోపల మోటారుకు చోటు చాలదు. కనుక వాటిని 1:150లో చేసి అదే తొమ్మిది మిల్లీమీటర్ల పట్టా మీద నడుపుతారు. లెక్క ప్రకారం ఆ పట్టా కొంచెం వెడల్పే. జపాన్ అభిమానులు ఆ తేడాను అరవై ఏళ్లుగా చూసీచూడనట్టు వదిలేశారు.

ఈ సర్దుబాటు ఖరగ్‌పూర్‌కు వచ్చేసరికి తలకిందులవుతుంది. భారతీయ బ్రాడ్‌గేజ్ 1,676 మిల్లీమీటర్లు. 'ఎన్' కంటే పెద్దదైన 'హెచ్‌వో' వర్గంలో, అంటే 1:87 నిష్పత్తిలో మన రైలును నిక్కచ్చిగా చేయాలంటే 19 మిల్లీమీటర్లకు పైగా వెడల్పున్న పట్టా అవసరం. ప్రపంచమంతటా దొరికే హెచ్‌వో పట్టా 16.5 మిల్లీమీటర్లే. జపాన్ రైలు తన పట్టా కంటే సన్నగా ఉంటే, మన రైలు తన పట్టా మీద బొద్దుగా కూర్చుంటుంది. పైగా మన పాత ఐసీఎఫ్ పెట్టె ఒక్కటే హెచ్‌వోలో 24 సెంటీమీటర్లు దాటుతుంది. ఇరవై పెట్టెల ఎక్స్‌ప్రెస్ అంటే సుమారు అయిదు మీటర్లు. ఇల్లు చిన్నదైనప్పుడు ఈ లెక్కే కొనుగోలును నిర్ణయిస్తుంది. ఇరుకైన ఇళ్లున్న జపాన్‌లో 'ఎన్' గెలవడానికి కూడా కారణం ఇదే.

జపాన్‌లో ఈ పరిశ్రమ రెండు దారుల్లో పెరిగింది. 1959లో టోమీ సంస్థ ప్లాస్టిక్ పట్టాలతో పిల్లల రైలు బొమ్మను తెచ్చింది. నీలిరంగు పట్టాలతో 'ప్లారైల్'గా పేరుపడిన ఆ బొమ్మ నేటికీ అమ్ముడవుతోంది. దానికి స్కేలు పట్టింపు లేదు. మరొక దారి పెద్దలది. 1957లో సెకిసుయి కింజొకు అనే సంస్థ ఏర్పడింది. లోకానికి తెలిసిన పేరు కాటో. 1965లో అది సీ50 ఆవిరి ఇంజన్‌ను 'ఎన్' వర్గంలో విడుదల చేయడంతో జపాన్‌లో ఈ కొలతకు బాట పడింది. టోమీ 1976లో టోమిక్స్ పేరుతో అదే రంగంలోకి దిగింది. ఈ రెండింటితో పాటు మైక్రో ఏస్, గ్రీన్‌మ్యాక్స్ వంటివి ఉన్నాయి. ఇత్తడితో చేసే ఖరీదైన పెద్ద మోడళ్లకు టోక్యో గింజాలోని తెన్‌షోదో పాత పేరు. సేకరణ ఎంత దూరం పోగలదో చూడాలనుకునేవారికి యోకొహామాలో 2012లో తెరిచిన హరా మోడల్ రైల్వే మ్యూజియం ఉంది. 1919లో పుట్టిన హరా నొబుతారో జీవితమంతా చేసినవి, కొన్నవి అందులో ఉన్నాయి. మన దేశంలో పుణెలోని జోషీ మినియేచర్ రైల్వే మ్యూజియం అటువంటి వ్యక్తిగత అభిరుచి నుంచి పుట్టినదే.

ఇక కొనుగోలు సంగతి. కొత్తవారు డబ్బు పోగొట్టుకునేది సాధారణంగా ఇక్కడే.

జపాన్ రైళ్లను ఒక్కొక్క పెట్టెగా కాక సెట్లుగా అమ్ముతారు. మొదటిది మూల సెట్. దానిలో మూడు నాలుగు పెట్టెలు, వాటిలో ఒకదానికి మోటారు ఉంటాయి. రెండవది అదనపు సెట్. మధ్యలో చేర్చవలసిన పెట్టెలు మాత్రమే అందులో ఉంటాయి. సాధారణంగా మోటారు ఉండదు. పెట్టె మీద జపనీస్ అక్షరాలు చదవలేనివారు చవకగా దొరికిందని అదనపు సెట్‌ను తెప్పించుకుంటే, అందంగా ఉండి కదలని రైలు ఇంటికి వస్తుంది. కొనే ముందు సంస్థ ఇచ్చిన ఉత్పత్తి సంఖ్యను సరిచూసుకోవాలి. మోటారు పెట్టెను జాబితాల్లో 'ఎం' అక్షరంతో సూచిస్తారు.

పట్టాల విషయంలోనూ జాగ్రత్త అవసరం. కాటో పట్టాలు, టోమిక్స్ పట్టాలు నేరుగా ఒకదానితో ఒకటి అతకవు. మధ్యలో ప్రత్యేకమైన జోడింపు ముక్క కావాలి. పెట్టెలను కలిపే కప్లర్లు కూడా సంస్థను బట్టి మారతాయి. ఒకే సంస్థతో మొదలుపెట్టి, రెండో ఏడాది నుంచి ఇతరుల వైపు చూడటం తెలివైన పని. దాదాపు మీటరు పొడవు, అరవై సెంటీమీటర్ల వెడల్పు ఉన్న బల్ల మీద తొలి వలయం పరచవచ్చు.

జపాన్ సంస్థలు ఒక మోడల్‌ను ఏడాది పొడవునా తయారు చేయవు. కొన్ని నెలల ముందు ప్రకటించి, దుకాణాల నుంచి వచ్చిన ఆర్డర్లను బట్టి ఒక విడత చేసి ఆపేస్తాయి. సరుకు అయిపోయాక సెకండ్‌హ్యాండ్ ధర పెరుగుతుంది. సంస్థ మళ్లీ విడుదల చేస్తానని ప్రకటించిన రోజు పడిపోతుంది. పెట్టుబడిగా భావించి కొన్నవారు నష్టపోయేది అప్పుడే. మరోవైపు, వాడిన సరుకు విషయంలో జపాన్ దుకాణాల పద్ధతి మెచ్చదగినది. గీత పడినా, పెట్టె అంచు నలిగినా, అంటించవలసిన చిన్న భాగాలు లేకపోయినా రాసి పెడతారు. పుస్తకం ఆకారపు పెట్టెలో స్పాంజి గూళ్ల మధ్య అన్నీ ఉన్నాయో లేదో ఫొటోలో లెక్కపెట్టుకోవచ్చు.

ఒక ప్రారంభ సెట్ ధర జపాన్‌లో ఇరవై వేల యెన్‌ల పరిసరాల్లో ఉంటుంది. అసలు భారం ఆ తర్వాత మొదలవుతుంది. బొమ్మలతో పాటు స్కేలు మోడళ్లు కూడా చేరే కస్టమ్స్ వర్గం మీద మూల సుంకాన్ని కేంద్ర ప్రభుత్వం 2020 బడ్జెట్‌లో 20 శాతం నుంచి 60 శాతానికి, 2023లో 70 శాతానికి పెంచింది. దేశీయ బొమ్మల తయారీని ప్రోత్సహించడం దాని ఉద్దేశం. పదివేల రూపాయల వస్తువుకు ఆ లెక్కన ఏడువేలు సుంకమే అవుతుంది. జీఎస్టీ అదనం. రవాణా ఖర్చు కూడా విలువలో కలుస్తుంది. బొమ్మల తయారీని కాపాడే సుంకం, మన దేశంలో తగినంతగా తయారుకాని సూక్ష్మ నమూనాల మీద కూడా పడుతుందన్నది సేకర్తల ఫిర్యాదు. అది న్యాయమైన ఫిర్యాదే. జపాన్ వెళ్లివచ్చే బంధువుల సూట్‌కేసులో తెప్పించుకునేవారు కూడా సుంకం లేని సామాను పరిమితిని, విలువ చూపే బిల్లును మరచిపోకూడదు.

అన్నిటికంటే పెద్ద ప్రమాదం గోడ మీది సాకెట్‌లో ఉంది. జపాన్ ఇళ్లలో విద్యుత్తు 100 వోల్టులు. మనకు 230. జపాన్ మార్కెట్ కోసం చేసిన పవర్ ప్యాక్‌ను నేరుగా ఇక్కడ పెడితే అది క్షణంలో కాలిపోవచ్చు, నిప్పు కూడా అంటుకోవచ్చు. ప్లగ్ ఆకారం మార్చే చిన్న అడాప్టర్ వోల్టేజీని తగ్గించదు. అడాప్టర్ వెనుక '100 నుంచి 240' అని రాసి ఉంటేనే నేరుగా వాడాలి. లేకపోతే తగిన సామర్థ్యమున్న స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ తప్పనిసరి. పట్టాల్లోకి వెళ్లేది మాత్రం గరిష్ఠంగా 12 వోల్టుల డీసీ. దానిని తాకినా ప్రమాదం లేదు. ధన, రుణ ధ్రువాలను తారుమారు చేస్తే రైలు వెనక్కి నడుస్తుంది. వోల్టేజీ పెంచితే వేగం పెరుగుతుంది. ఎలక్ట్రికల్ లోకో షెడ్‌లో పనిచేసినవారికి ఇందులో వివరించవలసింది లేదు.

జపాన్ రైలుకూ ఈ ప్రాంతపు రైల్వేకూ నిజ జీవితంలోనూ బంధం ఉంది. బైలదీలా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు చేర్చి జపాన్‌కు ఎగుమతి చేయడానికి 1960లలో ఆ దేశ సహకారంతో కొత్తవలస–కిరండూల్ మార్గం నిర్మించారు. ఆ మార్గం 2003లో తూర్పు కోస్తా రైల్వే ఏర్పడే వరకు, ఖరగ్‌పూర్ ఉన్న ఆగ్నేయ రైల్వేలోనే ఉండేది. అరకు కొండల మీద బరువు లాగడానికి 1980ల చివర హిటాచీ సంస్థ డబ్ల్యూఏజీ-6బీ, 6సీ ఇంజన్లను పంపింది. వాల్తేరు షెడ్‌లో వాటిని నడిపిన, మరమ్మతు చేసిన తెలుగువారికి జపాన్ ఇంజన్ అంటే అద్దాల బీరువాలో వస్తువు కాదు. అయినా ఆ ఇంజన్‌ను గుర్తుగా దాచుకోవాలంటే దుకాణాల్లో వెతికితే దొరకదు. జపాన్ సంస్థల జాబితాల్లో ప్రధానంగా ఉండేవి వారి సొంత రైళ్లే. ముంబయి–అహ్మదాబాద్ మార్గం చర్చల వల్ల మనవారికి పరిచయమైన ఈ5 షింకాన్‌సెన్‌ను కాటో, టోమిక్స్ రెండూ చేస్తాయి.

బెంగాల్ నాగపూర్ రైల్వే నడిపిన గ్యారట్ ఇంజన్ల గతి కూడా అంతే. రెండు ఇంజన్ల మధ్య ఒకే బాయిలర్ వేలాడుతున్నట్టు కనిపించే ఆ భారీ యంత్రాల్లో ఒకదానికి ఖరగ్‌పూర్ వర్క్‌షాప్ మళ్లీ ప్రాణం పోసింది. దాని సూక్ష్మ రూపం కావాలంటే కొలతలు తీసి, ఇత్తడి రేకు కోసి, లేదా త్రీడీ ప్రింటర్ మీద భాగాలు చేసి, లోపల జపాన్ మోటారు చక్రాలను అమర్చుకోవాలి. ఇలాంటి పనికి కాటో, టోమిక్స్ మోటారు పెట్టెలు బాగా ఉపయోగపడతాయి. సన్నని ఫైలు పట్టుకోవడం, నూరో వంతు మిల్లీమీటరు కొలవడం తెలిసిన విశ్రాంత ఫిట్టర్లు ఖరగ్‌పూర్‌లో కొదువ కాదు. విశ్వకర్మ పూజ నాడు వర్క్‌షాప్ చూడటానికి వెళ్లే పిల్లలకు వారి దగ్గర నేర్చుకోదగినది చాలా ఉంది. అయితే ఆవిరి ఇంజన్ల కాలం నాటి పనివారి సంఖ్య ఏటా తగ్గుతోంది. ఏ వాల్వు ఎక్కడుండేదో, ఏ పెట్టెకు ఏ రంగు వేసేవారో నోటితో చెప్పగలవారు ఉన్నప్పుడే రాసుకోవాలి. ఫొటోలో రంగు తెలియదు.

కొన్నవాటిని కాపాడుకోవడం ఈ వాతావరణంలో మరో పని. పట్టాలు నికెల్ సిల్వర్‌తో చేస్తారు. పేరులో సిల్వర్ ఉన్నా అందులో వెండి లేదు. రాగి, నికెల్, జింకు మాత్రమే. జూన్ నుంచి అక్టోబరు దాకా తేమకు పట్టాల మీద పొర కడుతుంది. రైలు తడబడి ఆగుతుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన నూలు గుడ్డతో తుడిస్తే చాలు. గరుకు కాగితంతో రుద్దితే గీతల్లో మురికి మరింత చేరుతుంది. పాత మోడళ్లలో జింకు మిశ్రమపు పోతలో సీసం కలిసి ఉంటే తేమకు లోపలి నుంచి పగుళ్లు వస్తాయి. దానికి మందు లేదు. కనుక చాలా పాత ఇంజన్ కొనేటప్పుడు అడుగు భాగం ఫొటో అడగాలి. చక్రాల మీది రబ్బరు వలయాలు కొన్నేళ్లకు గట్టిపడతాయి. వాటిని విడిగా కొనుక్కోవచ్చు. స్పాంజి గూడు అంటుకోకుండా పెట్టెల మధ్య పలుచని కాగితం, బీరువాలో సిలికా జెల్ సంచులు ఉంచాలి. నెలకొకసారి బయటకు తీసి ముందుకు అయిదు నిమిషాలు, వెనక్కి అయిదు నిమిషాలు నడపాలి.