తిప్పతీగ తట్టే తలుపు

వానలు పడ్డాక భివండీ చుట్టుపక్కల వేపచెట్లను ఒకసారి తలెత్తి చూడండి. హృదయాకారపు ఆకులతో, బుడిపెల బెరడుతో ఒక తీగ కొమ్మలను పెనవేసుకుని కనిపిస్తుంది. మరాఠీలో గుళ్‌వేల్. తెలంగాణ నుంచి సాంచల (మరమగ్గాల) పనికి వచ్చి పద్మనగర్‌లో స్థిరపడ్డ పద్మశాలీలకు తిప్పతీగ. మొదలు నరికినా చావదు. పైన మిగిలిన కాండం నూలుపోగుల్లాంటి సన్నని వేర్లను కిందికి దించుతుంది. అవి నేలను అందుకోగానే మళ్లీ చిగురిస్తుంది.

ఈ మొండి ప్రాణం కంటే పెద్ద వింత కాండం లోపల ఉంది. అందులోని ఒక చక్కెర గొలుసును ట్రాంబేలోని భాభా అణు పరిశోధన కేంద్రం శాస్త్రవేత్తలు వేరుచేసి 1999లో ప్రకటించారు. దాని పేరు జి1-4ఎ. మన రోగనిరోధక కణాల పైపొరలో టీఎల్‌ఆర్-4 అనే గ్రాహకం ఉంటుంది. కొన్ని బ్యాక్టీరియాల గోడల్లోని ఎండోటాక్సిన్ అనే విషాన్ని పసిగట్టడం దాని పని. తిప్పతీగ చక్కెర కూడా ఆ గ్రాహకాన్నే కదిలిస్తుందని ట్రాంబే బృందం 2009లో చూపించింది. సూక్ష్మజీవి జాడే లేదు, అయినా క్రిములను మింగే భక్షక కణం మేల్కొంటుంది! ఎన్నిసార్లు తలుచుకున్నా ఒళ్లు పులకరించే సంగతి ఇది.

పద్మనగర్‌కు ఇది పరాయి ముచ్చట కాదు. పత్తి దుమ్ములోనూ ఎండోటాక్సిన్ ఉంటుంది. ఊపిరితో లోపలికి పోయి ఆ గ్రాహకపు తలుపునే తడుతుంది. సెలవు తర్వాత పనిలోకి దిగిన మొదటిరోజు ఛాతీ పట్టేసే బిసినోసిస్ జబ్బుకు అదొక కారణం. వడుకు మిల్లుల్లో ఆ బాధ ఎక్కువ, నేత షెడ్లలో తక్కువ. ముందుగా జి1-4ఎ ఇచ్చిన ఎలుకలు ఎండోటాక్సిన్ దెబ్బను తట్టుకున్నాయని 2007లో తేలింది. అవి ఎలుకలు. తిప్పతీగ కషాయం తాగి దుమ్ములో నిలబడొచ్చని ఎవరూ అనుకోవద్దు.

మనుషుల మాటకొస్తే, ముంబై పరేల్‌లోని కేఈఎం ఆసుపత్రిలో శారదిని డహాణూకర్, ఆమె సహచరులు చేసిన పని గొప్పది. పిత్తనాళం మూసుకుపోయి కామెర్లు ముదిరితే, క్రిములను మింగి చంపే న్యూట్రోఫిల్ కణాలు నీరసిస్తాయి. అలాంటి 30 మంది రోగుల్లో కొందరికి మామూలు చికిత్సతోపాటు తిప్పతీగ సారం ఇచ్చారు. వాళ్ల న్యూట్రోఫిల్స్ బలం తిరిగి పుంజుకుంది. రక్తం విషమయ్యే సెప్టిసీమియా మిగతావారిలో సగం మందికి వచ్చింది, వీళ్లలో ఒక్కరికీ రాలేదు. ఇవి 1993లో అచ్చయిన ఫలితాలు. చిన్న పరిశోధనే, కానీ ఆసుపత్రి మంచం దగ్గర జరిగింది.

మేల్కొన్న కణం ఎవరి మీదికి వెళ్తుందో తీగకు తెలియదు. కరోనా కాలంలో ఇంటింటా ఈ కషాయం కాగింది. 2020 సెప్టెంబరు-డిసెంబరు మధ్య, దీన్ని వాడిన ఆరుగురు ముంబైలో కాలేయం దెబ్బతిని వైద్యుల దగ్గరికి వచ్చారు. సొంత శరీరాన్నే రోగనిరోధక కణాలు దెబ్బతీసే ఆటోఇమ్యూన్ జబ్బు లక్షణాలు వాళ్లలో కనిపించాయి. లోపల నిద్రాణంగా ఉన్న అలాంటి జబ్బును తీగ బయటికి లాగి ఉండవచ్చని వైద్యుల అనుమానం. ఆటోఇమ్యూన్ థైరాయిడ్, కీళ్లవాతం వంటివి ఉన్నవాళ్లు ఇంటి వేపచెట్టు మీదిదైనా సరే, వైద్యుణ్ని అడగకుండా దీన్ని తాగకూడదు.