శీతకాల యాత్ర: కారులోనా, విమానంలోనా?

పుష్యమాసం దగ్గరపడేసరికి మా నందిపేట్ ప్రాంతంలో ఎర్రజొన్న చేలు ఏపుగా ఎదిగి ఉంటాయి, పసుపు తవ్వకానికి రైతులు సిద్ధపడుతూ ఉంటారు. ఇళ్ళలో మాత్రం సంక్రాంతి సెలవులకు ఎక్కడికి వెళ్ళాలన్న మాటే వినబడుతుంది. క్రిందటి చలికాలంలో మా ఇంట ఆ ప్రశ్నకు సమాధానం ముందే సిద్ధంగా ఉన్నది. డెబ్బై ఆరేళ్ళ మా అత్తమ్మగారు కాశీ విశ్వనాథుని దర్శించాలని ఎన్నో ఏళ్ళుగా కోరుకుంటున్నారు. ఎక్కడికన్నది తేలింది, ఎలా వెళ్ళాలన్నది తేలలేదు. రైలులో ఆరుగురికి ఒకచోట బెర్తులు దొరకలేదు. ఇక మిగిలినవి రెండే: మా ఏడు సీట్ల కారు, లేదా విమానం.

మా వారు కారు వైపు మొగ్గారు. ఆయన వాదం బలమైనదే. మా ఊరి నుండి సుమారు ఇరవై కిలోమీటర్లలో ఉన్న ఆర్మూరు మీదుగా సాగే రహదారికి పూర్వం ఏడవ నంబరు ఉండేది. అది వారణాసిలో మొదలై కన్యాకుమారిలో ముగిసేది. 2010లో రహదారుల సంఖ్యలు మారి మా వైపు భాగం 44వ నంబరు అయినది. అయినా దారి అదే. నిర్మల్, ఆదిలాబాద్, నాగపూర్, సివనీ దాటి, లఖ్నాదోన్ దగ్గర జబల్పూర్ వైపు మళ్ళి, రీవా, మీర్జాపూర్ మీదుగా వెళితే కాశీ. "కాశీ దారి మన గుమ్మం ముందే ఉండగా, ఉత్తరానికి పోవడానికి దక్షిణాన ఉన్న శంషాబాదుకు రెండు వందల కిలోమీటర్లు వెళ్ళడం ఏమిటి?" అని ఆయన ప్రశ్న.

కోడలు విమానం అన్నది. మనుమడు కిటికీ పక్కన సీటు ఉంటే ఏదైనా సరే అన్నాడు. నేను మాత్రం ఏమీ అనలేకపోయాను. నా మనసు ఆరేళ్ళ క్రితం జరిగిన షిర్డీ ప్రయాణం మీద ఉన్నది.

నీళ్ళు త్రాగని ప్రయాణం

అప్పుడు మేము రాత్రి భోజనం చేసి కారులో బయలుదేరాము. రాత్రి నిద్రలో దారి గడిచిపోతుందని, ఉదయానికి దర్శనం చేసుకోవచ్చని మా ఆలోచన. బయలుదేరే ముందు అత్తమ్మ మంచినీళ్ళ చెంబు ప్రక్కకు పెట్టేశారు. "నేను నీళ్ళు తాగితే నడుమ నడుమ బండి ఆపాలె బిడ్డా. చీకట్ల ఎక్కడ ఆపుతరు?" అన్నారు. నిజానికి నేను కూడా ఆ సాయంత్రం నుండి గుక్కెడు నీళ్ళు త్రాగలేదు. దూరప్రయాణమంటే మన ఇళ్ళలో స్త్రీలందరూ చేసే పని ఇదే. ఎవరూ నేర్పకుండానే నేర్చుకుంటాము, ఎవరికీ చెప్పుకోము.

తిరిగి వచ్చిన మూడవ నాడు అత్తమ్మకు వణుకుతో జ్వరం వచ్చినది. మూత్రంలో మంట, నడుము నొప్పి. నిజామాబాదులో ఆసుపత్రిలో చేర్చితే మూత్రకోశంలో సోకిన వ్యాధి మూత్రపిండాల దాకా ప్రాకినదని చెప్పారు. నాలుగు రోజులు సూదిమందులు పడ్డాయి. తరువాత మా ఊరి ఆయుర్వేద వైద్యులు అన్ని వివరాలూ విని ఒకే ప్రశ్న అడిగారు: "అమ్మా, ప్రయాణంలో ఎన్ని గంటలు ఆపుకున్నారు?"

చరక సంహిత సూత్రస్థానంలో ఏడవ అధ్యాయం ఈ విషయమును వివరిస్తుంది. శరీరం సహజంగా కోరే పదమూడు వేగాలను బలవంతంగా అణచరాదని అక్కడ చెప్పబడినది. మలమూత్రాలు, ఆకలి, దప్పిక, తుమ్ము, ఆవులింత, త్రేన్పు, నిద్ర మొదలైనవి అందులో ఉన్నాయి. మూత్రవేగాన్ని ఆపుకుంటే వస్తిలో నొప్పి, మూత్రం కష్టంగా రావడం, తలనొప్పి కలుగుతాయని ఆచార్యుల ఉపదేశం. నీరు త్రాగక, మూత్రమును నిలిపి ఉంచితే సూక్ష్మక్రిములు వృద్ధి చెందడానికి అవకాశం ఇచ్చినట్లేనని నేటి వైద్యులు కూడా చెప్తారు. వృద్ధులకు ఈ ప్రమాదం మరింత ఎక్కువ.

మా అబ్బాయి చెప్పిన మాట

కాశీ ప్రయాణం మీద ఇంట్లో చర్చ మూడవ రోజుకు చేరినప్పుడు నేను ఈ సంగతి గుర్తు చేశాను. "ఈసారి గంటగంటకూ ఆపుదాము, బాపమ్మకు ఇబ్బంది రానీయను" అన్నాడు మా అబ్బాయి. అంతలోనే తల వంచుకొని, "అమ్మా, ఒకటి మీకెవరికీ చెప్పలేదు. ఆ షిర్డీ ప్రయాణంలో తెల్లవారుజామున నాకు కళ్ళు మూతలు పడ్డాయి. బండి రోడ్డు దిగి మట్టిలో కుదిపితే మెలకువ వచ్చింది. మీరందరూ నిద్రలో ఉన్నారు" అన్నాడు.

ఇంట్లో ఎవ్వరమూ మాట్లాడలేదు. ఆ రాత్రి నా ఒడిలో పడుకున్న మనుమడు పాలు త్రాగే పసివాడు. ఆ కుదుపునకు నేను కూడా ఒక్కసారి కళ్ళు తెరిచాను. ఏదో గుంత అనుకొని మళ్ళీ పడుకున్నాను.

చరకుడు చెప్పిన పదమూడింటిలో నిద్ర కూడా ఒకటని నాకప్పుడే తట్టినది. అత్తమ్మ మూత్రమును ఆపుకున్నట్లే అబ్బాయి నిద్రను ఆపుకున్నాడు. ఇద్దరూ మా సౌకర్యం కోసమే ఆపుకున్నారు. నిద్రను అణచితే ఆవులింతలు, ఒళ్ళునొప్పులు, తంద్ర, తలబరువు, కన్నుల బరువు కలుగుతాయని శాస్త్రం. తంద్ర అంటే మెలకువకూ నిద్రకూ నడుమనున్న మగత. స్టీరింగు ముందు కూర్చున్నవారికి ఆ మగత ఒక్క క్షణం చాలు. అర్ధరాత్రి దాటిన తరువాత రెండు గంటల నుండి ఆరు గంటల వరకు దేహం నిద్రను అతిగా కోరుతుంది. కాఫీ, చల్లగాలి, పాటలు దానిని కొద్దిసేపు కప్పిపుచ్చుతాయేగాని తీర్చవు. నిద్రకు మందు నిద్ర ఒక్కటే.

2025 వరకు అమలులో ఉన్న 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం జీతానికి బండి నడిపేవారికి సాధారణంగా రోజుకు 8 గంటల పనిని, ఐదు గంటలకు మించకుండా కనీసం అరగంట విశ్రాంతిని నిర్ణయించి ఉండేది. విమాన చోదకుల పనిగంటలకూ, విశ్రాంతికీ నియమాలున్నాయి. ఇంట్లో కారు నడిపే కొడుకుకు ఏ నియమమూ లేదు. ఆ నియమం పెట్టవలసినది తల్లిదండ్రులే.

దారి లెక్క

అప్పుడు కాగితం తీసుకొని కూర్చున్నాము. కారులో ఒకవైపు వెయ్యి కిలోమీటర్ల పైచిలుకు. రానూపోనూ కలిపి, లీటరుకు పదిహేను కిలోమీటర్ల చొప్పున, సుమారు 140 లీటర్ల పెట్రోలు. రోజుకు ఎనిమిది గంటలు మించకుండా, పగటిపూట మాత్రమే నడిపితే నాగపూరులో ఒక రాత్రి, జబల్పూరులో గాని రీవాలో గాని మరొక రాత్రి ఆగవలెను. అంటే రానూపోనూ ఆరు రోజులు, నాలుగు రాత్రుల బస, ఆరుగురి భోజనం, టోలు రుసుము. పైగా సంక్రాంతి రోజుల్లో గంగామైదానమంతా దట్టమైన పొగమంచు ఉంటుంది. మీర్జాపూరు ప్రాంతంలో అది ఉదయం చాలాసేపటి వరకు విడవకపోవచ్చు.

విమానమైతే శంషాబాదు నుండి వారణాసికి నేరుగా సుమారు రెండు గంటలు. ఆ తరువాత బాబత్‌పూర్ విమానాశ్రయం నుండి నగరానికి సుమారు 25 కిలోమీటర్లు. టిక్కెట్ల ఖర్చు ఎక్కువే. కాని బసలు, భోజనాలు, సెలవు దినాలు అన్నీ కలిపి చూస్తే మేము అనుకున్నంత తేడా కనిపించలేదు. నేనొక మాట మాత్రం గట్టిగా చెప్పాను: "విమానం ఎక్కినా మన ప్రయాణంలో సగం రోడ్డు మీదనే. తెల్లవారుజాము విమానానికి అర్ధరాత్రి ఇక్కడ నుండి బయలుదేరితే షిర్డీ ప్రయాణానికీ దీనికీ తేడా లేదు."

కనుక మధ్యాహ్నపు విమానం తీసుకున్నాము. ముందురోజు ఉదయం ఫలహారం చేసి కారులో బయలుదేరి, రెండు గంటలకొకసారి ఆగుతూ, హైదరాబాదులో మా అమ్మాయి ఇంటికి చేరి రాత్రి నిద్రపోయాము. మధ్యాహ్నపు విమానానికి మరొక మేలున్నది. కాశీలో మంచు చాలావరకు అప్పటికి విచ్చుకుంటుంది.

విమానంలో పాటించినవి

విమానం లోపలి గాలి ఆరు నుండి ఎనిమిది వేల అడుగుల ఎత్తైన కొండపైన ఉన్నట్లు ఉంటుంది. తేమ చాలా తక్కువ. ఆయుర్వేద దృష్టిలో శీతము, రూక్షము, చలనము మూడూ వాతాన్ని పెంచేవే. అందుచేత:

1. ముందురోజు సాయంత్రం అందరమూ గోరువెచ్చని నువ్వుల నూనె ఒంటికి, ముఖ్యంగా మోకాళ్ళకు, పాదాలకు మర్దన చేసుకొని వేడినీళ్ళ స్నానం చేశాము. నూనె పాదాలతో నేలమీద జారకుండా వృద్ధులు జాగ్రత్తపడవలెను.

2. చిటికెన వేలితో కొద్దిగా నువ్వుల నూనె ముక్కు లోపలి అంచులకు రాసుకున్నాము. పొడిగాలికి ముక్కు ఎండదు. చుక్కలుగా లోపలికి పోయరాదు.

3. విమానం దిగేటప్పుడు చెవులు దిబ్బడ వేస్తాయి. ఆ సమయంలో నిద్రపోరాదు. పిల్లవానికి గుక్క గుక్కగా నీళ్ళు త్రాగించాము. పెద్దలము లవంగం చప్పరిస్తూ గుటకలు మింగాము. తీవ్రమైన జలుబు, చెవిపోటు ఉన్నవారు వైద్యుని అడిగి బయలుదేరవలెను.

4. నాలుగు గంటలకు మించి కదలక కూర్చుంటే కాలి సిరల్లో రక్తం గడ్డకట్టే ప్రమాదం పెరుగుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో వెల్లడించిన పరిశోధన తెలిపినది. ఇది విమానానికే కాదు, కారు, బస్సు, రైలు అన్నింటికీ వర్తిస్తుంది. కూర్చున్నచోటనే మడమలు ఎత్తి దించడం, వీలైనప్పుడు లేచి నడవడం చేయవలెను. ఒక పిక్క మాత్రమే వాచి నొప్పిగా ఉన్నా, ఆయాసం వచ్చినా గృహవైద్యంతో కాలయాపన చేయక వెంటనే ఆసుపత్రికి వెళ్ళవలెను.

5. టిక్కెట్టు తీసుకున్నప్పుడే అత్తమ్మకు చక్రాల కుర్చీ అడిగాము. రక్తపోటు మాత్రలు, వైద్యుని చీటీ చేతిసంచిలోనే ఉంచాము.

ప్రయాణపు సంచి

వాంతులు, వికారం ఉన్నవారికి: పలుచగా తరిగిన అల్లం ముక్కలపై నిమ్మరసం, సైంధవ లవణం చల్లి ఎండబెట్టి ఉంచుకొని, ఒకటి రెండు ముక్కలు చప్పరించవలెను. రక్తం పలుచబడే మందులు వాడేవారు వైద్యుని అడగాలి.

కడుపు ఉబ్బరానికి: వేయించిన వాము పావుచెంచా, చిటికెడు సైంధవ లవణంతో నమిలి వేడినీళ్ళు త్రాగవలెను. రక్తపోటు ఉన్నవారు ఉప్పు మానవలెను.

గొంతు గరగరకు: గ్లాసు గోరువెచ్చని నీటిలో పావుచెంచా మన నిజామాబాదు పసుపు, చిటికెడు ఉప్పు కలిపి పుక్కిలించవలెను.

ఆహారం: జొన్నరొట్టెలు, పల్లీల పొడి, నువ్వుల ముద్దలు తీసుకువెళ్ళాము. సకినాలు, మురుకులు కొద్దిగానే. అవి దప్పికను పెంచుతాయి.

ఒక హెచ్చరిక: రోజూ త్రిఫల చూర్ణం వాడేవారు ప్రయాణపు ముందురాత్రి మానడం మంచిది. కదిలిన కడుపును దారిలో అణచుకోవడం కూడా వేగధారణమే.

తిరుగు ప్రయాణపు పరీక్ష

దర్శనం చక్కగా జరిగినది. గంగ ఒడ్డున అత్తమ్మ ముఖం చూసినప్పుడు ఖర్చు మాట మరచిపోయాము. కాని తిరుగు ప్రయాణపు రోజున మధ్యాహ్నమైనా మంచు విడవలేదు. విమానం ఐదు గంటలు ఆలస్యమైనది. విమానాశ్రయంలో అత్తమ్మ నిశ్చింతగా నీళ్ళు త్రాగారు, కావలసినప్పుడల్లా లేచి వెళ్ళారు. నిరీక్షణ విసుగు పుట్టించినా రోగం తేలేదు.

శంషాబాదులో దిగేసరికి రాత్రి పది దాటినది. మరునాడు అబ్బాయికి ఉద్యోగం. "మూడున్నర నాలుగు గంటల దారి, వెళ్ళిపోదాము" అన్నాడు. ఎవరూ మాట్లాడకముందే అత్తమ్మ అన్నారు: "వద్దు కొడుకా. నువ్వు పండుకో. నీ నిద్రకంటె నీ నౌకరి పెద్దది కాదు." ఆ రాత్రి అమ్మాయి ఇంట్లో పడుకొని, మరునాడు పగటివేళ నందిపేట్ చేరాము. అబ్బాయికి ఒక రోజు సెలవు పోయినది. అంతే.

ఎవరికి ఏది?

పగటిపూట ఎనిమిది గంటలలోపు చేరగలిగే చోటికి కారు హాయి. బాసరకు, శ్రీశైలానికి విమానం ఊసే అక్కరలేదు. షిర్డీకి కూడా ఉదయమే బయలుదేరి, అవసరమైతే ఔరంగాబాదులో, అనగా 2023 నుండి పేరు మారిన ఛత్రపతి శంభాజీనగర్‌లో, ఆగితే కారు మంచిదే. రెండు మూడు రోజుల దారి అయి, నడిపేవారు ఒక్కరే అయి, ఇంట వృద్ధులు ఉంటే విమానమో రైలో మేలు. ఇటీవల గుండెపోటు వచ్చినవారు, శస్త్రచికిత్స జరిగినవారు, తీవ్రమైన రక్తహీనత, అదుపులో లేని రక్తపోటు ఉన్నవారు, నిండు గర్భిణులు వైద్యుని అనుమతి లేకుండా విమానం ఎక్కరాదు.

ఈ సంక్రాంతికి మీ ఇంట కూడా ఇదే చర్చ జరుగుతూ ఉండవచ్చు. టిక్కెట్టు ధర, పెట్రోలు ధర లెక్కవేయండి. దానికి ముందు ఇద్దరిని ప్రక్కన కూర్చోబెట్టుకొని అడగండి. ఇంట్లో పెద్దావిడను, దారిలో నీళ్ళు త్రాగుతారా అని. కారు నడిపే కొడుకును, క్రిందటిసారి నిద్ర వచ్చిందా అని. అడగకపోతే ఇద్దరూ చెప్పరు. మా ఇంట ఆ రెండో మాట బయటికి రావడానికి ఆరేళ్ళు పట్టినది.